చెవి సంగతి తర్వాత, ముందు ఆ గులాబీ నురగ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గంజాం జిల్లా ఛత్రపురం. మా తమ్ముడికి 47 ఏళ్లు, అమెరికాలో శాండియాగోలో ఉద్యోగం. నిరుటి నుంచి స్నేహితులతో కలిసి రాత్రిపూట ఒడ్డు నుంచే సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగి లాబ్‌స్టర్లు (పెద్ద రొయ్యల్లాంటి సముద్ర జీవులు) పడుతున్నాడు. పది రోజుల క్రితం దిగినప్పటి నుంచి కుడి చెవి నొప్పి. మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టు ఉందట. ఆ రాత్రి నీళ్లు మింగేశాడేమో, ఆయాసపడుతూ దగ్గితే గులాబీ రంగు నురగ పడిందట. పొద్దుటికల్లా తగ్గిపోయింది. బీపీకి అమ్లోడిపిన్, మెటోప్రోలాల్ కలిసిన మాత్ర మేమే ఇక్కడి నుంచి పంపుతుంటాం. వచ్చే వారం మా బంధువులు అక్కడికి వెళ్తున్నారు. చెవిలోకి ఏ చుక్కల మందు పంపమంటారు? సంక్రాంతికి వచ్చినప్పుడు బరంపురంలో చూపిస్తే సరిపోతుందా? లాబ్‌స్టర్ తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, చెవి గురించి అంత వివరంగా రాసి, నురగ సంగతి మధ్యలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నన్ను కంగారు పెట్టింది ఆ ముక్కే.

మింగిన నీళ్లు పొట్టలోకి పోతాయి. దగ్గితే గులాబీ నురగ పడిందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, దాంట్లో కాస్త రక్తం కలిసిందని అనుమానించాలి. మనిషిని చూడకుండా ఇదే జబ్బని నేను చెప్పను, చెప్పకూడదు కూడా. సముద్రపు నీళ్లు పొరపాటున ఊపిరితిత్తుల్లోకే పోయి ఉండొచ్చు. ఊపిరి బిగబట్టి గబగబా పైకి వచ్చేస్తే ఊపిరితిత్తి దెబ్బతిని ఉండొచ్చు. గుండె జబ్బు ఇలా బయటపడి ఉండొచ్చు. కానీ మీరు రాసిన లక్షణాలు చదవగానే నాకు తట్టింది ఇమ్మర్షన్ పల్మనరీ ఎడీమా. నీళ్లలో మునిగినప్పుడు, ముఖ్యంగా చల్లటి నీళ్లలో, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం అన్నమాట.

మన గంజాం తీరంలోని గోపాల్‌పూర్‌లో జనవరిలో కూడా సముద్రం 24, 25 డిగ్రీల దగ్గర ఉంటుంది. శాండియాగోలో చలికాలం నీళ్లు 14, 15 డిగ్రీలు. అక్కడ లాబ్‌స్టర్ల సీజను అక్టోబరు నుంచి మార్చి వరకు, అంటే సరిగ్గా చలి నెలల్లోనే. అంత చల్లటి నీళ్లలో చర్మంలో, కాళ్లూ చేతుల్లో రక్తనాళాలు ముడుచుకుపోతాయి. పైగా చుట్టూ నీటి ఒత్తిడి. రక్తమంతా ఛాతీ వైపు నెట్టుకొస్తుంది. బిగుతైన రబ్బరు సూటు ఆ ఒత్తిడికి తోడవుతుంది. పడవ మీంచి దిగడం వేరు. ఒడ్డు నుంచి దిగేవాడు సిలిండరు, నడుముకు సీసం బరువులు మోసుకుంటూ కెరటాలకు ఎదురీదాలి. అక్కడి చట్టం ప్రకారం నీళ్లలోకి దిగినవాళ్లు లాబ్‌స్టర్లను చేత్తోనే పట్టాలి, కొక్కేలూ ఈటెలూ వాడకూడదు. కాబట్టి చీకట్లో రాళ్ల సందుల్లో వాటి వెంట పెనుగులాట. బీపీ ఉన్న గుండె ఇదంతా ఒక్కసారిగా తట్టుకోవాలి. తట్టుకోలేనప్పుడు సన్న రక్తనాళాల్లోంచి నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది.

నీళ్లలోంచి బయటపడితే చాలామందికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది. తగ్గడమే ఇక్కడ మోసం. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అది నీళ్ల అడుగున వస్తే ప్రాణాల మీదికి రావచ్చు.

కాబట్టి సంక్రాంతి దాకా ఆగకండి. అమెరికాలో ఖర్చు ఎక్కువ, ఇండియా వచ్చినప్పుడు చూపించుకుందాం అనే మాట నేను రోజూ వింటున్నాను. పంటి నొప్పికే అది తెలివైన పని కాదు, ఇక గుండెకు అసలే కాదు. ఈ వారంలోనే అక్కడి డాక్టరు దగ్గరికి వెళ్లి ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, గుండెకు ఎకో చేయించుకోమనండి. డైవింగ్ చేశానని మొదటి మాటగా చెప్పాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్‌కు ఫోన్ చేసినా డైవింగ్ జబ్బులు తెలిసిన డాక్టర్లు ఎవరో చెబుతారు. ఆయాసం మళ్లీ వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయాలి. పరీక్షలన్నీ అయ్యి, ఆ డాక్టరు సరేననే దాకా నీళ్లలో దిగొద్దు. బహుశా ఎప్పటికీ వద్దనొచ్చు. అలిగినా సరే, అక్కగా మీరు ఆ మాట మీద నిలబడాలి.

ఇప్పుడు మీ పార్శిల్ సంగతి. కోప్పడుతున్నాననుకోవద్దు, కానీ బీపీ మాత్ర మీరు పంపడం, ఆయన మింగడం, మధ్యలో బీపీ చూసేదెవరు? మెటోప్రోలాల్ లాంటి బీటా బ్లాకర్లకూ (గుండె వేగాన్ని తగ్గించే మందులు) ఈ జబ్బుకూ సంబంధం ఉందని అనుమానం ఉంది. అలాగని మాత్ర టక్కున మానేస్తే ఇంకో ప్రమాదం. మార్చాలా వద్దా అన్నది మనిషిని చూసిన డాక్టరే తేల్చాలి. డైవింగుకు ముందు ముక్కు దిబ్బడ మాత్రలేమైనా వేసుకున్నాడేమో అడగండి. వాటిలో కొన్ని బీపీని పెంచుతాయి.

చెవికి నేను చుక్కల మందు పేరు రాయను. లోతుకు దిగేటప్పుడు చెవిలో ఒత్తిడి సరిచేసుకోకపోతే కర్ణభేరి వాచిపోతుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. చిల్లున్న చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు వేస్తే లోపలి చెవి పాడై, వినికిడి తిరిగి రాకుండా పోవచ్చు. అవి మన మందుల షాపుల్లో అడగ్గానే చేతిలో పెడతారు, అదీ బాధ. వెల్లుల్లి వేసి కాచిన నూనె కూడా వద్దు. ఫోన్‌లో ఆ చిట్కా చెప్పేవాళ్లు మీ ఇంట్లో ఒకరైనా ఉంటారని నాకు తెలుసు. వినికిడి తగ్గి పది రోజులైందంటే ఇప్పటికే ఆలస్యం. తల తిరగడం, చెవిలో హోరు కూడా ఉంటే లోపలి చెవి దెబ్బతిందేమో చూడాలి. అలాంటి కొన్నింటికి మొదటి రెండు వారాల్లో చేసే వైద్యమే బాగా పనిచేస్తుంది. రేపే ఈఎన్‌టీకి చూపించమనండి.

విమానం ఎక్కడం ఆ ఇద్దరు డాక్టర్లూ సరేనన్నాకే. మామూలుగా డైవింగ్ చేసేవాళ్లు కూడా వరసగా కొన్నిసార్లు దిగితే ఆఖరిసారి తర్వాత కనీసం 18 గంటలు ఆగి ఎక్కాలి.

బంధువుల చేత మందులు పంపొద్దు. ఆయన పాత ఈసీజీ, బీపీ చీటీలు మీ దగ్గరుంటే ఫోటో తీసి ఈ రోజే వాట్సాప్‌లో పంపండి, అక్కడి డాక్టరుకు అవి పనికొస్తాయి.

కొలెస్ట్రాల్ అడిగారు కదా. లాబ్‌స్టర్ ఎప్పుడో ఒకసారి తింటే చాలామందికి ఫర్వాలేదు, వెన్నలో ముంచకపోతే చాలు. అదీ బజార్లో కొన్నదైతేనే.