ఒక యాప్ వాన అంటోంది, ఇంకోటి ఎండ అంటోంది... కల్లంలో మిర్చికి ఏది నమ్మాలి?

ప్రశ్న: తేజ మిర్చి కోసి కల్లంలో ఆరబోశాం. ఒక యాప్ ఎల్లుండి సాయంత్రం వాన అంటోంది, ఇంకోటి పొడిగా ఉంటుందంటోంది. పోయిన వారం వాన లేదన్న రోజే పక్క ఊళ్లో దంచికొట్టింది. దేన్ని నమ్మమంటారు సార్? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– మిర్చి రైతు, వైరా, ఖమ్మం జిల్లా

జవాబు: ఫోన్లలో వచ్చే చాలా యాప్‌లు గ్లోబల్ మోడళ్ల మీద, అంటే భూమి మొత్తం వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల మీద నడుస్తాయి. యూరప్ మోడల్ భూమిని సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా, అమెరికా జీఎఫ్‌ఎస్ 13 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టి లెక్కగడతాయి. 9 కిలోమీటర్ల గడి అంటే 20 వేల ఎకరాలు. అంత నేలకూ ఒకటే వాన అంకె! ఎండాకాలంలో మన దగ్గర నేల కాగి, బంగాళాఖాతం తేమ తోడై, మధ్యాహ్నం దాటాక లేచే ఉరుముల మబ్బు చాలాసార్లు ఆ గడి కన్నా చిన్నది. దాని వానను మోడల్ ఉజ్జాయింపుగా గడి అంతటికీ పంచేస్తుంది. అందుకే చిన్న జల్లు అని చూపిన చోట ఒక ఊళ్లో కాలువలు పారతాయి, పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు.

భారత వాతావరణ శాఖ వాడే డబ్ల్యూఆర్‌ఎఫ్ ప్రాంతీయ మోడల్ (భూమి మొత్తానికి కాక ఒక ప్రాంతానికే లెక్కగట్టేది)లో గడి 3 కిలోమీటర్లే. మబ్బు పుట్టడం, పెరగడం అందులో తెలుస్తుంది. కానీ దాని హద్దుల బయటి నుంచి వచ్చే గాలి, తేమ వివరాలు గ్లోబల్ మోడలే ఇవ్వాలి. అక్కడ తప్పుంటే రెండు మూడు రోజుల్లో లోపలికి పాకుతుంది. పైగా మబ్బును సరిగ్గా పట్టినా, చోటు ఇరవై ముప్పై కిలోమీటర్లు తప్పవచ్చు.

తుపాను సంగతి వేరు. అది వందల కిలోమీటర్ల మేర ఉంటుంది కాబట్టి గ్లోబల్ మోడళ్లు బాగా పట్టుకుంటాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మన తీరానికి వస్తోందని రోజుల ముందే తెలిసింది.

అందుకని కోత కూలీలను ఎప్పుడు పిలవాలో చూసుకోవడానికి గ్లోబల్ అంచనా, రైతుల కోసం ప్రభుత్వం తెచ్చిన మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే సలహాలు చాలు. రేపటి పనికి ప్రాంతీయ మోడల్ చూడండి. ఈ సాయంత్రం సంగతికైతే రాడార్ చిత్రం, వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరికే గతి.

ఎల్లుండి గురించి రెండు యాప్‌లు చెరోమాట చెబుతున్నాయంటే వాన పడే అవకాశం ఉందనే అనుకోండి. పట్టాలు కప్పడానికి గంట కష్టం. తడిస్తే మాత్రం కాయ రంగు పోయి తాలు అవుతుంది, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ విషం చేరుతుంది. రోజూ పొద్దుగూకేలోపే కుప్ప చేసి టార్పాలిన్ కప్పండి, పొద్దున మంచు ఆరాక మళ్లీ పరవండి. ఎండలో పట్టా కింద ఉంచితే కాయ చెమ్మగిల్లుతుంది. తేమ 10-11 శాతానికి దిగాకే బస్తాలకు ఎత్తండి.

ఉరుములు మొదలయ్యాక మాత్రం కాయ కోసం కల్లంలోకి పరుగెత్తకండి. దామిని యాప్ పిడుగుల హెచ్చరిక ఇస్తుంది, ఇంట్లో పిల్లల ఫోన్‌లోనైనా వేయించుకోండి.