రెండో ప్రపంచ యుద్ధంలో 1945 ఆగస్టు 15న జపాన్ లొంగితే బ్రిటిష్ సైన్యం సింగపూర్‌లో సెప్టెంబర్ 5న గానీ ఎందుకు దిగలేదు?

జపాన్ జనరళ్లు మొండికేశారు కాబట్టి అని చాలామంది రాస్తుంటారు. అది సగం నిజమే. సింగపూర్‌లో ఉన్న జనరల్ ఇటగాకి మొదట పోరాడతానన్న మాట వాస్తవం. కానీ వియత్నాంలోని సైగాన్ వెళ్లి, ఆగ్నేయాసియాలోని జపాన్ సైన్యాల అధిపతి తెరౌచిని కలిశాక దారికొచ్చాడు.

అసలు ఆలస్యం జపాన్ లొంగుబాటు బాధ్యత చూస్తున్న అమెరికన్ జనరల్ మెకార్థర్ ఆజ్ఞ వల్ల. టోక్యో అఖాతంలో సంతకాలయ్యేదాకా ఎక్కడా లొంగుబాటు పత్రాలు రాయించుకోవద్దు, దళాలు దింపొద్దు అన్నాడు. పైగా తుఫాను వచ్చి ఆ కార్యక్రమం ఆగస్టు 31 నుంచి సెప్టెంబర్ 2కి వాయిదా పడింది. ఆగస్టు 28కే మలయా తీరంలోని పినాంగ్ ఎదుటికి వచ్చిన బ్రిటిష్ నౌకలు, మెరైన్లను దింపడానికి సెప్టెంబర్ 3 దాకా ఆగాయి.

ఈలోగా జపాన్ శిబిరాల్లో యుద్ధఖైదీలు ఆకలితో, రోగాలతో పోతున్నారు. అందుకే రంగూన్ చర్చలు. ఆగస్టు 26న తెరౌచి తరఫున జనరల్ నుమాతా విమానంలో వచ్చాడు, ఎదుట ఆగ్నేయాసియా మిత్రదళాల అధిపతి మౌంట్‌బాటెన్ తరఫున జనరల్ బ్రౌనింగ్ కూర్చున్నాడు. లొంగుబాటు జోలికి పోకుండా పనుల వరకే రాసుకున్నారు: సముద్రంలో మందుపాతరల తొలగింపునకు అడ్డు రాకూడదు, విమానాలు శిబిరాలపై ఆహారం, మందులు జారవిడిస్తే కాల్చకూడదు. 28న అర్ధరాత్రి దాటాక సంతకాలయ్యాయి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో తెలివైన పని ఇదే.

సింగపూర్ సంగతి సెప్టెంబర్ 4న ససెక్స్ అనే యుద్ధనౌక మీద తేలింది. ఇటగాకి, నౌకాదళం తరఫున ఫుకుదోమె సంతకం చేశారు. మర్నాడు 5వ ఇండియన్ డివిజన్ దిగింది. అంతవరకూ ఊళ్లో శాంతిభద్రతలు జపాన్ సైన్యానివే! మలయాలోని పెరాక్‌లో బాగాన్ దాతో వంటి చోట్ల తోటల్లో పనిచేసిన తెలుగువాళ్ల కుటుంబాల్లో “లొంగిపోయాక కూడా జపానోళ్లే పెత్తనం చేశారు” అని పెద్దలు చెబితే అది మరుపు కాదు, నిజమే.

పాత కాగితాలు చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. జపాన్ ఆక్రమణ కాలంలో సింగపూర్ గడియారాలు టోక్యో టైమ్‌కే నడిచాయి, అంటే మలయా పాత సమయం కన్నా గంటన్నర ముందు. ఇది చూసుకోకపోతే సంఘటనల వరస తారుమారవుతుంది.

సెప్టెంబర్ 12న సింగపూర్ మునిసిపల్ భవనంలో జరిగిన లొంగుబాటు వేడుక లాంఛనం. జబ్బుపడిన తెరౌచి బదులు అక్కడా ఇటగాకే సంతకం చేశాడు. ఆ జబ్బు నిజమో కాదో తేల్చుకోవడానికి మౌంట్‌బాటెన్ తన డాక్టర్‌ని పంపాడు. అయినా వదల్లేదు, నవంబర్ 30న సైగాన్‌లో తెరౌచి చేతులమీదుగానే లొంగుబాటు గుర్తుగా కత్తులు తీసుకున్నాడు.