బందరు రోడ్డు అసలు ఎవరిది?

విజయవాడలో మహాత్మాగాంధీ రోడ్డుని జనం ఇప్పటికీ బందరు రోడ్డనే ఎందుకంటారు, దాని చరిత్ర ఏమిటని అడిగారు. ఆ రోడ్డు పక్క సందులోనే పెరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. మా బెజవాడ వాళ్ళకి కోపం వచ్చినా సరే, ఆ రోడ్డు బందరు (మచిలీపట్నం) వాళ్ళది. బందరుకి వెళ్ళే దారి కాబట్టే ఆ పేరు.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పట్నమంటే బందరే. ఇంగ్లీషు వాళ్ళు 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టారు, డచ్చి వాళ్ళు అంతకు ముందే దిగారు. అద్దకం బట్టలు అక్కడే ఓడలెక్కేవి. బెజవాడ దారిలో ఒక మజిలీ, అంతే. 1864 తుఫానుకి బందరులో వేల మంది పోయారు. 1889లో బెజవాడకి రైలొచ్చింది. బందరుని అసలు దెబ్బ తీసింది ఆ రైలేనని నా గట్టి నమ్మకం. తుఫాను నుంచి ఊరు తేరుకుంటుంది, వ్యాపారం వేరే ఊరికి తరలిపోతే తేరుకోదు.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. రోడ్డుకి తోడుగా బందరు కాలువ ఉంది. 1850లలో కృష్ణకి ఆనకట్ట కట్టాక ఆ కాలువల మీద పడవలు బాగా తిరిగాయి. నా చిన్నప్పుడు మా తాతయ్య ఒకసారి గట్టు మీదికి తీసుకెళ్ళి రేవు దగ్గర ఒక రాయి చూపించారు. పడవ తాళ్ళు ఒరుసుకుని దాని అంచున గాడి పడింది. వేలు పెట్టమన్నారు. చూపుడు వేలు సగం దాకా దిగింది, లోపల నున్నగా ఉంది. "గాలి లేకపోతే మనుషులే గట్టు మీద నడుస్తూ లాగేవాళ్ళురా, బియ్యం బస్తాలతో సహా" అన్నారు. ఆ మనుషుల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

తర్వాత గట్టుకి సిమెంటు గోడ కట్టారు. ఆ రాయి ఏమైందో అడిగితే పనిచేయించేవాళ్ళు నన్ను వింతగా చూశారు. సుందరీకరణ అంటే ఉన్నవన్నీ పీకి రంగులేయడమా? రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఇదే వరస. ముందు చెట్లు పోతాయి, తర్వాత అరుగులు. నడిచేవాడికి మాత్రం జాగా మిగలదు.

గాంధీ గారి పేరు మీద నాకే అభ్యంతరమూ లేదు. 1921లో కాంగ్రెస్ సమావేశాలకి ఆయన బెజవాడ వచ్చినప్పుడే పింగళి వెంకయ్య గారు జెండా నమూనా అందించారు. ఆ వెంకయ్య గారిదీ బందరు దగ్గరి భట్లపెనుమర్రే! ఈ రోడ్డులోనే ఉన్న బాపూ మ్యూజియానికి వెళ్ళి చూడండి, 1887లో విక్టోరియా జూబిలీ పేరుతో కట్టిన భవనం అది.

బోర్డు మీద గాంధీ గారి పేరు అలాగే ఉంచండి. దాని కిందే బందరు పేరు కూడా రాయాలి, కాలువ గట్టున పాత రేవులు ఎక్కడెక్కడ ఉండేవో బోర్డులు పెట్టాలి. ఆ రేవులు చూసిన పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు, ఇప్పుడే అడిగి రాసుకోవాలి.