జరిమానా కట్టినా లెక్క మిగులుతుంది

ప్రశ్న: బండి నా పేరు మీద ఉంది. మా బావమరిది ఇద్దరిని వెనక ఎక్కించుకుని వెళ్తూ కెమెరాకు చిక్కాడు. చలానా నాకొచ్చింది. కట్టేస్తే నా లైసెన్సుకు ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: తొందరపడి కట్టకండి. కెమెరాకు దొరికేది బండి నంబరే కాబట్టి చలానా ఓనరు పేరుతో వస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం 194సి సెక్షన్ ప్రకారం ట్రిపుల్ రైడింగుకు 1,000 రూపాయల జరిమానాతో పాటు నడిపిన మనిషి లైసెన్సుకు 3 నెలల అనర్హత కూడా ఉంది. హెల్మెట్ లేకుండా నడిపినా (194డి) అంతే.

చాలామందికి తెలియని సంగతి 200వ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణ తర్వాత, జరిమానా కట్టి రాజీ చేసుకున్న తప్పు కూడా మళ్లీ అదే తప్పు చేస్తే మొదటిసారి కింద లెక్కకొస్తుంది. లైసెన్సు మీద చర్య కూడా ఆగదు. అందుకే ముందు చలానాలోని ఫొటో, తేదీ, సమయం చూసుకోండి. నడిపింది మీరు కాదని కట్టకముందే ట్రాఫిక్ పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి. మీ బావమరిదికి లైసెన్సే లేకపోతే మాత్రం, బండి ఇచ్చినందుకు 180వ సెక్షన్ కింద మీకు 5,000 రూపాయల జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ప్రశ్న: అతివేగంతో రెండోసారి దొరికాను. పోలీసులు లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. అది చూపించి నడపవచ్చా?

జవాబు: వద్దు. 206(4) కింద తీసుకున్న లైసెన్సుకు ఇచ్చే రసీదు, లైసెన్సు తిరిగి చేతికొచ్చేదాకా నడపడానికి అనుమతి కాదు. పోలీసులు దాన్ని ఆర్టీఓకు పంపుతారు. అక్కడ 19వ సెక్షన్ కింద విచారణ జరుగుతుంది. మీ వాదన వినకుండా అనర్హత వేయకూడదు, కారణాలు రాతలో ఉండాలి. కాబట్టి నోటీసు వస్తే తప్పక వెళ్లండి. లైసెన్సులో పాత చిరునామా ఉంటే ఆ నోటీసు మీకు చేరకపోవచ్చు, ముందే మార్పించుకోండి.

అనర్హత కాలంలో నడిపితే 182వ సెక్షన్ కింద 3 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అంతకన్నా పెద్ద దెబ్బ ఇన్సూరెన్సుది. ఆ సమయంలో ప్రమాదం జరిగితే మీ బండి నష్టానికి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఎదుటివారికి కంపెనీ పరిహారం చెల్లించినా, ఆ సొమ్ము ఓనరు దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

ఉత్తర్వు అన్యాయమనిపిస్తే, అది అందిన 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవాలి. అనర్హత గడువు ముగిసినా లైసెన్సు దానంతటదే తిరిగి రాదు. డ్రైవర్ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేయాలి.