రీసేల్ టైంషేర్: బేరం సరే, ఎమర్జెన్సీ ఫండ్ సంగతేంటి?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మావారిది హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాది హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) ఇంకా ఆమోదం కాలేదు కాబట్టి నేను ఉద్యోగం చేసే వీల్లేదు. పాపకు నాలుగేళ్లు. నెల ఖర్చు 6,200 డాలర్లు, సేవింగ్స్‌లో 9,500 ఉన్నాయి, నెలకు 900 దాకా మిగులుతుంది. ఓర్లాండోలో డిస్నీ వాళ్ల సారటోగా స్ప్రింగ్స్ రిసార్టు టైంషేర్ కాంట్రాక్ట్ (గది బుక్ చేసుకోవడానికి ఏటా పాయింట్లు వస్తాయి), 160 పాయింట్లది, ఒక రీసేల్ బ్రోకర్ దగ్గర పాయింటు 96 డాలర్లకు ఉంది. ఏడాదికి డ్యూస్, అంటే నిర్వహణ ఖర్చు, 1,400. మేం 78కి ఆఫర్ పెడదామనుకుంటున్నాం. మరీ తక్కువ అడిగితే బ్రోకర్ అమ్మేవాళ్లకు చెప్పకుండానే పక్కన పడేస్తారా? డిస్నీ మధ్యలో తీసేసుకుంటుందంటున్నారు, నిజమేనా? క్లోజింగ్ ఖర్చులతో మొత్తం 13,200 అవుతుంది. 4,200 మేం వేసుకుని, 9,000 పదేళ్లకు 13 శాతం మీద లోన్ తీసుకోవాలని ఉంది. వడ్డీ ఎక్కువనుకుంటే, మా అత్తగారి దగ్గరున్న నా బంగారం మీద గోల్డ్ లోన్ పెట్టమంటారా?
— ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: పాయింటుకు ఎంత తగ్గించాలో మీరు బాగా ఆలోచించారమ్మా. సేవింగ్స్‌లో ఉన్న 9,500 గురించి మాత్రం ఏదో మాటవరసకు రాసినట్టు రాశారు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. కొనేది సెకండ్ హ్యాండ్ కారు కావచ్చు, శంకర్‌పల్లిలో ప్లాటు కావచ్చు. ఎంత తగ్గించామన్నదే లెక్క, ఆ డబ్బు ఎక్కడ నుంచి వస్తోందన్నది ఆఖరి వాక్యం. మీది వ్యక్తిగతంగా జవాబిచ్చి వదిలేయకుండా ఇక్కడ రాయడానికి కారణం అదే.

ముందు మీరడిగిన దానికి చెబుతాను. 78కి నిక్షేపంగా ఆఫర్ పెట్టొచ్చు. ఫ్లోరిడాలో లైసెన్సున్న బ్రోకర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి ఆఫర్‌నూ ఆలస్యం చేయకుండా అమ్మేవాళ్లకు అందించాలి. 'ఇంతకన్నా తక్కువైతే నా దాకా తేవద్దు' అని వాళ్లే ముందుగా రాసిచ్చి ఉంటే తప్ప. కాబట్టి పక్కన పడేస్తారన్న బెంగ అక్కర్లేదు. అలాగని ఆ బ్రోకర్ మీ మనిషి అని కూడా అనుకోకండి. కాగితం మీద వేరే ఏర్పాటు చేసుకోకపోతే, ఆ రాష్ట్రం చట్టం లెక్కలో బ్రోకర్ లావాదేవీ నడిపించే మధ్యవర్తి, అంతే. పైగా కమిషన్ వచ్చేది అమ్మకం ధరలోంచి. 'ఈ రేటుకైతే డిస్నీ తీసేసుకుంటుందండీ, ఇంకో నాలుగు డాలర్లు పెంచి చూడండి' అంటే విని, మళ్లీ ఫోన్ చేస్తానని పెట్టేయండి.

డిస్నీ తీసుకోవడం నిజమే. మీకూ అమ్మేవాళ్లకూ కుదిరిన ధరకే ఆ కాంట్రాక్ట్‌ను తామే కొనుక్కునే హక్కు వాళ్లకుంది. తేల్చుకోవడానికి 30 రోజుల గడువు. ఒకవేళ తీసుకుంటే మీ డిపాజిట్ మీకు వచ్చేస్తుంది, పోయేది కొన్ని వారాల కాలం. దీనికి భయపడి ముందే పాయింటుకు పది డాలర్లు పెంచి ఆఫర్ పెట్టేవాళ్లను చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పోయేది వారాలు, పెంచేది డబ్బు.

ఇక 78 తక్కువా కాదా అన్నది 96ను చూస్తే తేలదు. 96 అమ్మేవాళ్ల ఆశ. ఇద్దరు ముగ్గురు బ్రోకర్లను అడిగి, ఈ మధ్య సారటోగా కాంట్రాక్టులు అసలు ఎంతకు తెగాయో కనుక్కోండి, దాంతో పోల్చుకోండి. తర్వాత ఈ కాంట్రాక్ట్‌లో పాయింట్లు ఎన్ని మిగిలి ఉన్నాయో చూడండి. కిందటేడాదివి వాడకుండా ఈ ఏడాదికి దాచి పెట్టిన పాయింట్లతో సహా వస్తుంటే 90 కూడా చవకే కావచ్చు. ఈ ఏడాదివి వాడేసి, వచ్చే ఏడాదివి కూడా ముందే తెచ్చేసుకుని వాడేసిన కాంట్రాక్ట్ అయితే 78 కూడా ఎక్కువే. ఆ వాడేసిన ఏడాది డ్యూస్ ఎవరు కడతారన్నది ఆఫర్‌లోనే రాయాలి. మీ కాంట్రాక్ట్‌కు ఏడాదికి 1,400 అన్నారు, అంటే పాయింటుకు 8 డాలర్ల 75 సెంట్లు. ఒక్క ఏడాది డ్యూస్ అమ్మేవాళ్ల చేత కట్టించగలిగితే పాయింటుకు దాదాపు తొమ్మిది డాలర్లు తగ్గించినట్టే. ధర దగ్గర మొండికేసే మనిషి కూడా ఈ మాటకు ఒప్పుకోవచ్చు.

ఇంకొకటి అడగండి: ఆ కాంట్రాక్ట్ మీద వాళ్లకు ఇంకా లోన్ బాకీ ఉందా? 13,000 బాకీ ఉన్నవాళ్లు 12,480కి (160 పాయింట్లు, ఒక్కోటి 78) ఎలా ఒప్పుకుంటారు? తక్కువ పడిందీ, కమిషనూ జేబులోంచి వేసుకోవాలి. అలాంటి చోట మీ ఆఫర్ ఎంత మర్యాదగా రాసినా జవాబు రాదు. తప్పు మీది కాదు. బాకీ తీరిపోయి, జనవరిలో వచ్చే డ్యూస్ బిల్లు మళ్లీ కట్టడం ఇష్టం లేని వాళ్ల దగ్గరే తక్కువ ఆఫర్ పనిచేస్తుంది. ఆఫర్ మెయిల్‌లో పాప గురించి, మీ కలల గురించి రాయకండి. పాయింటు ధర, ఈ ఏడాది డ్యూస్ ఎవరివి, క్లోజింగ్ ఖర్చు ఎవరిది, జవాబుకు ఎన్ని రోజులు. ఈ నాలుగు చాలు.

బేరం ముచ్చట అయింది. ఇక నా గొడవ.

96 నుంచి 78కి దించితే మీకు మిగిలేది 2,880 డాలర్లు. 9,000 లోన్, 13 శాతం, పదేళ్లు అంటే నెలకు 134 చొప్పున కడతారు. చివరికి కట్టిన వడ్డీ 7,100 దాటుతుంది. అంత కష్టపడి తగ్గించిన దానికి దాదాపు రెండున్నర రెట్లు తీసుకెళ్లి అప్పిచ్చినవాడి చేతిలో పెడుతున్నారు. అడిగిన ధర మొత్తం, 96కి 96, మారు మాట్లాడకుండా నగదుగా ఇచ్చినా ఇంతకన్నా చాలా చవక. పాపకు పద్నాలుగేళ్లు వచ్చేదాకా ఈ కిస్తీ కడుతూనే ఉంటారు, అప్పటికి ఆ పిల్ల డిస్నీ అంటే మొహం తిప్పుకోవచ్చు. సెలవులకు పదేళ్ల అప్పేమిటండీ?

డ్యూస్ సంగతి అంతకన్నా పెద్దది. సారటోగా కాంట్రాక్టుల గడువు 2054 జనవరి 31 దాకా ఉంది. అప్పటిదాకా ఏటా కట్టాల్సిందే. వెళ్లినా, వెళ్లకపోయినా. ఆస్తి పన్నులు, మరమ్మతులు, సిబ్బంది జీతాలు పెరిగితే అదీ పెరుగుతుంది. అక్కడ బేరం లేదు. ఏనుగును చవగ్గా కొన్నామని సంబరపడేవాళ్లు రోజూ వేయాల్సిన మేత లెక్క చూసుకోవాలి కదా. కిస్తీ, డ్యూస్ కలిపితే నెలకు 250 డాలర్లు మొదటి నెల నుంచే మీ 900లోంచి పోతాయి. అది కూడా గది వరకే. పార్కు టికెట్లు, విమానం వేరే. మూడేళ్లు నిండాయి కాబట్టి పాపకు కూడా టికెట్ కొనాలి.

4,200 తీశాక మీ సేవింగ్స్‌లో మిగిలేది 5,300. మీ నెల ఖర్చు 6,200. అంటే ఒక నెల జీతం రాకపోతే అద్దె కట్టాక కిరాణా కార్డు మీద గీకాలి. ఈ ఒక్క లెక్క ముందు పెట్టుకుని మీరిద్దరూ అరగంట కూర్చోండి.

ఎమర్జెన్సీ ఫండ్ అందరికీ కావాలి. హెచ్-1బి మీద ఒక్క జీతంతో నడిచే ఇంటికి మరీ ఎక్కువ కావాలి. 'మావారి ఉద్యోగం గట్టిదే' అంటారు మీరు. లేఆఫ్ అయినవాళ్లలో చాలామంది ముందు రోజు దాకా అలాగే అనుకున్నారు. ఉద్యోగం పోతే కొత్త కంపెనీ పిటిషన్ వేయడానికి, లేదా స్టేటస్ మార్చుకోవడానికి, కాదంటే బయల్దేరడానికి మహా అయితే 60 రోజులు. ఐ-94 (అమెరికాలో ఉండే అనుమతి) గడువు అంతకన్నా ముందు అయిపోతే అప్పటివరకే. మీకు పని చేసే అనుమతి లేదు కాబట్టి రెండో జీతం ఊతం లేదు. నిరుద్యోగ భృతి మీద ఆశ పెట్టుకోకండి, హెచ్-1బి వాళ్లకు సాధారణంగా అది దొరకదు. నాలుగేళ్ల పాప ఉంది కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్ వదులుకోలేరు. కోబ్రా అనే చట్టం కింద పాత ప్లాన్ కొనసాగించుకోవచ్చు కానీ, ఇంతకాలం కంపెనీ కట్టిన వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం దాకా ఖర్చులు. కుటుంబానికి ఆ బిల్లు ఎంతో హెచ్.ఆర్. వాళ్లను ఇవాళే అడిగి తెలుసుకోండి. ఆ అంకె చూశాక డిస్నీ సంగతి మీరే కాసేపు మర్చిపోతారు. దీనికి తోడు మన వాళ్లందరికీ ఉండే ఖర్చు ఇంకోటి: అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోన్ వస్తే హైదరాబాద్‌కు మర్నాటి టికెట్లు. ముగ్గురికి.

అప్పుడు కాంట్రాక్ట్ అమ్మేస్తాం అంటారేమో. అమ్మకానికి పెట్టి, కొనేవాళ్లు దొరికి, డిస్నీ 30 రోజులు చూసి, టైటిల్ కంపెనీ (యాజమాన్య పత్రాలు చూసే సంస్థ) కాగితాలు పూర్తయి, ఆరెంజ్ కౌంటీలో డీడ్ రిజిస్టరయ్యేసరికి మీ 60 రోజులు ఎప్పుడో దాటిపోతాయి. వచ్చిన డబ్బులోంచి ముందు లోన్ తీరాలి, తర్వాత కమిషన్. పైగా మీ లిస్టింగ్ చూసి, అవసరంలో ఉన్నారని పసిగట్టి, 65కి అడిగేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. ఇవాళ మీరు చేస్తున్నది అదే కదా. తక్కువ ఆఫర్‌కు తలూపే వాళ్లలో కొంతమంది ఎవరనుకుంటున్నారు? ఎమర్జెన్సీ ఫండ్ లేకుండా ఇలాంటిదే కొన్నవాళ్లు.

గోల్డ్ లోన్ మాట మళ్లీ ఎత్తకండి. ఊళ్లో ఉన్న బంగారం మీ ఇంటికి మిగిలిన చివరి ఆసరా. అత్తగారిని లైన్లో నిలబెట్టి దాన్ని తాకట్టు పెట్టించి ఓర్లాండోలో గది కొనడం అప్పు చేసి పప్పు కూడే. ఎవరి పేరు మీద తీసినా తీర్చాల్సింది మీ 900లోంచే. క్రెడిట్ కార్డు బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, 401కె (రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్, ఫ్రెండ్స్ నడిపే చీటీ ముందే పాడుకోవడం, వీటికీ నా జవాబు ఇదే. తర్వాత ఉత్తరంలో అడుగుతారని ముందే చెబుతున్నా.

మీకు కావాల్సింది ఆరు నెలల ఖర్చు, అంటే 37,200. మీ దగ్గరున్నది 9,500. మొదటి మజిలీ మూడు నెలల ఖర్చు, 18,600. నెలకు 900 చొప్పున వేస్తే పది, పదకొండు నెలల్లో చేరతారు. పూర్తి ఆరు నెలలదానికి రెండున్నరేళ్లు దాటుతుంది. బోనస్, టాక్స్ రీఫండ్ అందులోకే పోతే ఇంకా ముందే. ఈ డబ్బు రోజూ వాడే బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకు హై-యీల్డ్ సేవింగ్స్‌లో ఉండాలి, స్టాక్స్‌లో కాదు. అది నిండాక 13,000 విడిగా దాచుకుని, అప్పు లేకుండా, 78కి కాదు 70కి ఆఫర్ పెట్టుకోండి, నేనే మెచ్చుకుంటాను. మిక్కీ ఎక్కడికీ పోడు.

ఈలోగా పాపను ఒకసారి తీసుకెళ్లాలనిపిస్తే, ఓనర్ల దగ్గర ఆ ఒక్క ట్రిప్పుకు పాయింట్లు అద్దెకు తీసుకోండి. ఎప్పుడు కొన్నా ఒకటి గుర్తుంచుకోండి: రీసేల్‌లో కొన్న సారటోగా పాయింట్లతో డిస్నీ వాళ్ల రివియెరా రిసార్టులోనూ, 2019 తర్వాత వచ్చిన కొత్త రిసార్టుల్లోనూ గది దొరకదు. సారటోగాలోనే అయితే 11 నెలల ముందు, మిగతా పాత రిసార్టుల్లో 7 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. సంక్రాంతికో దసరాకో ఇండియా వెళ్లాలా వద్దా అన్నదే 11 నెలల ముందు తేల్చుకోలేని ఇళ్లు మనవి. ఆ అలవాటు మీకుందో లేదో కూడా చూసుకోండి.

మీవారికి కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ తప్ప వేరే ఏమైనా ఉందా అన్నది మీరు రాయలేదు. లేకపోతే సొంతంగా టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. కంపెనీది సాధారణంగా ఉద్యోగంతోపాటే పోతుంది.

ఆఫర్ ఇంకా పంపకపోతే బ్రోకర్‌కు ఏమీ చెప్పక్కర్లేదు. ఈ జవాబు చేరేలోపు పంపేసి ఉంటే, అమ్మేవాళ్లు ఒప్పుకోకముందే వెనక్కి తీసుకుంటున్నామని ఇవాళే ఒక మెయిల్ పెట్టండి. ఫోన్లో చెబితే సరిపోదు, రాతలో ఉండాలి. లోన్‌కు అప్లికేషన్ పెట్టి ఉంటే దాన్నీ రద్దు చేయించండి.