సమాధానం: శాకాహారులైన పెద్దవాళ్లతో జపాన్ వెళ్తున్నారా? కోయసాన్‌లో ఒక రాత్రి ఉండండి

క్యోటోలో నాలుగు రోజులున్నా గుళ్ల ముందు ఫోటోలే మిగులుతాయేమోనని, శాకాహారి అయిన అత్తగారికి భోజనం దొరకదేమోనని, మోకాళ్ల నొప్పులున్న మామగారు నేల మీద కూర్చోలేరని రాశారు. నా మాట విని, అందులో ఒక రాత్రి కొండ మీది బౌద్ధ క్షేత్రమైన కోయసాన్‌లో గడపండి.

ఒసాకాలోని నంబా నుంచి రైలు, చివర్లో కొండెక్కే కేబుల్ కారు. పిల్లలకు ఆ దారే సంబరం. కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు 9వ శతాబ్దంలో స్థాపించిన ఈ క్షేత్రంలో సుమారు యాభై ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. వడ్డించేది షోజిన్ ర్యోరి, అంటే బౌద్ధ ఆలయాల శాకాహార భోజనం. మాంసం, చేపలే కాదు, సంప్రదాయం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. నువ్వులతో చేసే టోఫు తప్పక రుచి చూడమనండి. బయట మాత్రం చాలా జాగ్రత్త! కూరగాయల నూడుల్స్ పులుసులో కూడా తరచూ ఎండు చేపలతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. "మాంసం వద్దు" అంటే చాలదు, దాషి కూడా వద్దని జపనీస్‌లో రాసిన కాగితం చూపించండి.

తెల్లవారుజాము ప్రార్థనకు పిల్లల్ని కూడా లేపండి. కొన్ని ఆలయాల్లో జరిగే గోమా అనే అగ్నిపూజకు మూలం మన హోమమే. అది చూశాక పెద్దవాళ్లకు అక్కడ పరాయితనం అనిపించదు.

మామగారి కోసం కుర్చీ, మంచం ఉన్న గదిని ముందే అడగండి. క్యోటోలో తేనీటి వేడుకకైతే బల్ల, కుర్చీలతో చేసే ర్యూరెయ్ పద్ధతి ఉంది. 1872లో విదేశీ అతిథులను దృష్టిలో పెట్టుకుని రూపొందించిందే కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

పెద్ద పెట్టెలను కొరియర్‌లో తర్వాతి హోటల్‌కు పంపేసి, చేతిసంచులతో కొండెక్కండి.