మొదటి పే పర్ వ్యూ ముందు చిన్న రెజ్లింగ్ సంస్థ ఏం చేయాలి?

ప్రచారానికి డబ్బు లేని రెజ్లింగ్ సంస్థ తన మొదటి పే పర్ వ్యూకు (డబ్బు కట్టినవాళ్లకే టీవీలో కనిపించే ప్రసారం) ప్రేక్షకులను ఎలా కూడగట్టగలదని అడిగారు. నాకు బాగా తెలిసినది ఈసీడబ్ల్యూ అనే చిన్న అమెరికన్ రెజ్లింగ్ సంస్థ 1997 ఏప్రిల్ 13న ప్రసారం చేసిన ‘బేర్లీ లీగల్’. అప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం చేసేవాణ్ణి. అర్ధరాత్రి దాటాక వచ్చే వాళ్ల కార్యక్రమం కోసం మేలుకుని ఉండేవాణ్ణి. నా చేత డబ్బు కట్టించింది ప్రకటనలు కాదు. ఒక మ్యాచ్‌ను వాళ్లు అంతకాలం జరగనివ్వకపోవడం.

ఆ మ్యాచ్ టాజ్, సాబు అనే ఆటగాళ్లది. వాళ్లు ఒకప్పుడు ఒకే జట్టు. 1995 ఏప్రిల్‌లో సాబు ఒప్పుకున్న మ్యాచ్‌కు రాకుండా జపాన్‌లో ఆడటానికి వెళ్లాడు. నిర్వాహకుడు పాల్ హేమన్ అతన్ని తీసేసినట్టు ప్రేక్షకుల ముందే ప్రకటించాడు. ఆ నవంబర్‌లో సాబు తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఏడాది పాటు టాజ్ అతని పేరు పెట్టి సవాలు విసురుతూనే ఉన్నాడు, సాబు మాత్రం నోరు విప్పలేదు. 1996 నవంబర్‌లో ఫిలడెల్ఫియా అరీనాలో దీపాలు ఆరిపోయాయి. వెలిగేసరికి ఇద్దరూ రింగులో ఎదురెదురుగా ఉన్నారు. కొట్లాట మొదలవకముందే మళ్లీ చీకటి! వేరే సంస్థ అయితే ఆ మ్యాచ్‌ను అప్పుడే టీవీలో ఉచితంగా చూపించేసేది.

ఛాంపియన్ రేవెన్ కథ కూడా అలాగే కూర్చారు. అతనితో పోటీకి అర్హత కోసం ముగ్గురు తలపడాలి: అతనికి అనుచరుడిగా పడి ఉన్న స్టీవీ రిచర్డ్స్, అతని వల్ల కన్నకొడుకే ఎదురుతిరిగిన శాండ్‌మన్, 52 ఏళ్ల టెర్రీ ఫంక్. ఎవరు గెలిచినా ఒక పాత లెక్క తీరుతుంది. చివరికి ఛాంపియన్ బెల్టు ఫంక్ గెలిచాడు.

ఇదంతా కొద్దిలో చేజారేది. 1996 నవంబర్‌లోనే మసాచుసెట్స్‌లోని రివీర్‌లో, వయసు గురించి అబద్ధం చెప్పి రింగులోకి దిగిన 17 ఏళ్ల అబ్బాయి నుదుటిని ఈసీడబ్ల్యూ ఆటగాడు న్యూ జాక్ దారుణంగా కోశాడు. పే పర్ వ్యూ పంపిణీ సంస్థ ప్రసారాన్ని రద్దు చేసింది. నేను ఈసీడబ్ల్యూ అభిమానినే, అయినా ఆ భయం న్యాయమైనదే అంటాను. శిక్షణ లేని పిల్లవాణ్ణి రింగు ఎక్కనివ్వడం క్షమించరానిది. హేమన్, అభిమానులు పట్టుబట్టాక షరతులతో అనుమతి తిరిగి వచ్చింది. రాత్రి 9 గంటలకు ముందు మొదలుకాకూడదన్నది వాటిలో ఒకటి.

ఫిబ్రవరి 24న హేమన్ తన ఆటగాళ్లను పెద్ద రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వారి ‘రా’ టీవీ కార్యక్రమంలోకి తీసుకెళ్లాడు. వాళ్ల పేర్లే వినని వేలమందికి పే పర్ వ్యూ సంగతి అలా చేరింది. మీకూ అలాంటి పెద్ద వేదిక దొరికితే వదలకండి. కానీ చూపించడానికి ముందే ఒక తగవు సిద్ధంగా ఉండాలి.

నిజం చెప్పాలంటే, టాజ్, సాబుల మ్యాచ్ ఆ ఎదురుచూపుకు తగ్గంత గొప్పగా లేదు. ఆ రాత్రి నాకు నచ్చిన ఆట జపాన్ ఆటగాళ్లు ఆరుగురు ఆడినది. కానీ దాని కోసం డబ్బు కట్టినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. అందరం సాబు కోసమే కట్టాం.